మాయమైన ముంజేతి కండ

"నేరస్థుడు ఈ గదిలోనే ఉన్నాడు! ఈ డేగకన్ను అడుగుపెట్టిన చోట నేరం నిలవలేదు, నేరస్థుడు కూర్చోలేదు!" అని ప్రకటించి బాబాయి తానే కూర్చున్నాడు. అది కింద చక్రాలున్న కుర్చీ. గిర్రున వెనక్కి జారి బీరువాని గుద్దుకుంది.

చిట్టి తల పట్టుకుంది. డేగకన్ను అనే బిరుదు బాబాయికి ఎవరూ ఇవ్వలేదు, ఆయనే పుచ్చుకున్నాడు. పొద్దున నానమ్మతో మాట్లాడుతూ "ల్యాబులో ఓ కండ కనిపించడం లేదు" అని చిట్టి నోరు జారింది. ఫోను పెట్టీ పెట్టకముందే బాబాయి నల్లకోటుతో, భూతద్దంతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

చిట్టి ఉద్యోగం కంప్యూటర్లో చెయ్యి కట్టడం. పేరు బయటపెట్టని ఓ మనిషి ముంజేయి నుంచి వేళ్ల కొసల దాకా తీసిన స్కాన్ పొరలు పొరలుగా తెర మీదికి వస్తుంది. ప్రతి పొరలోనూ ఎముకల అంచులు, కండల అంచులు గీయాలి. ఆపైన ఏ కండ ఏ ఎముకని ఎటు లాగుతుందో లెక్క కడితే, తెర మీది చెయ్యి నిజం చెయ్యిలా పిడికిలి బిగిస్తుంది. నెలల తరబడి కళ్లు పీక్కుపోయేలా గీసింది. తీరా చూస్తే, పుస్తకంలో ఉన్న పాల్మారిస్ అనే సన్నటి కండ ఈ చేతిలో ఎక్కడా లేదు!

ఆమె పైఅధికారి మెకానికల్ ఇంజనీరు. ఆయనకి పుస్తకంలో ఉన్నదే చెయ్యి.

"నువ్వే ఎక్కడో వదిలేసుంటావమ్మా. బొమ్మ చూడ్డానికి సర్జన్ గారు వచ్చేలోపు అక్కడో కండ గీసి పడెయ్. కుదరదంటే చెప్పు, ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తా" అన్నాడాయన.

చిట్టికి ఏడుపొక్కటే తక్కువ. కనబడనిదాన్ని గీయడానికి చెయ్యి రావడం లేదు. గీయకపోతే ఇన్నాళ్ల చాకిరీ ఇంకొకరి పాలవుతుంది.

"ఆ కండని చివరిసారిగా ప్రాణాలతో చూసిందెవరు?" బాబాయి గొంతు బొంగురు చేశాడు.

"ఎవరూ చూడలేదు బాబాయ్. అదే కదా గొడవ."

"అంటే సాక్షుల్ని కూడా లేపేశారన్నమాట!"

భూతద్దంతో కీబోర్డు మీదికి వంగాడు. "బిస్కెట్టు పొడి! దొంగ ఆకలి మీదున్నాడు."

"అది నేను తిన్న బిస్కెట్టు."

"ఒప్పేసుకుంది! రాసుకోండి సార్!"

"ఎవరమ్మా ఈయన?" అన్నాడు పక్కనే ఉన్న ఇంజనీరు.

"మా బాబాయి సార్."

"ముందు బయటికి పంపించు."

"ఎన్నిసార్లు పంపినా వస్తారు సార్."

ఈలోగా బాబాయి చూపు ఇంజనీరు బలిసిన ముంజేతుల మీద పడింది. "ఆహా! కండ పోయింది అక్కడ, కండ పెరిగింది ఇక్కడ! మర్యాదగా తిరిగిచ్చేస్తారా, లేదా?"

"చిట్టీ!" ఇంజనీరు మొహం జేవురించింది. చిట్టి ఉద్యోగం మీద ఆశ వదులుకుంది.

"దొంగతనం ఎలా జరిగిందో చూపిస్తా చూడండి." బాబాయి కుడిచెయ్యి ముందుకు చాపాడు. "వాడు ఇలా బొటనవేలు, చిటికెనవేలు కలిపి, మణికట్టు ఇలా వంచి, కండని పట్టుకుని…"

సరిగ్గా అప్పుడే సర్జన్ గారు లోపలికి వచ్చి ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నేను కాదండీ!" బాబాయి కెవ్వుమన్నాడు.

"కదలకండి. అలాగే వంచి ఉంచండి." ఆవిడ తన చెయ్యి కూడా అదేవిధంగా వంచింది. మణికట్టు మధ్యలో తాడులాంటిది ఉబ్బి లేచింది. అనుమానంగానే ఇంజనీరూ వంచాడు, ఆయనకీ లేచింది. బాబాయి మణికట్టు మాత్రం చదునుగా ఉంది.

"ఆ తాడు పాల్మారిస్ కండది. మీకు అది లేదండీ. కొందరికి పుట్టుకతోనే ఉండదు. దానివల్ల నష్టమేం లేదులెండి."

చిట్టి బాబాయి చేతికేసి చూసింది. చిటికెనవేలు కొస దగ్గర వంకరగా ఉంది. తెరకేసి చూసింది. అక్కడి చిటికెనవేలి ఎముకదీ అదే వంకర.

"బాబాయ్! ఆ స్కాన్ ఇచ్చింది నువ్వా?"

"ష్! పరమ రహస్యం! స్కాన్ గదిలో గూఢచారులున్నారేమోనని పెట్టుడు మీసంతో వెళ్లా."

చిట్టికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సర్జన్ గారు మాత్రం తెర ముందుకి వెళ్లి అక్కణ్ణుంచి కదలలేదు.

"ఇది గీసిందెవరు?"

"ఈ అమ్మాయేనండీ. పుస్తకంలో ఉన్నట్టు గీయమంటే వినలేదు…" ఇంజనీరు నసిగాడు.

"వినకపోవడమే మంచిదైంది. చేతిలో ఏదైనా తెగితే, అతుకు వెయ్యడానికి మేం ముందు వెతికేది ఆ తాడునే. మీరు అబద్ధం గీసుంటే, ఈ బొమ్మని నమ్మి నేను ఈయన చెయ్యి కోసి, లేనిదాని కోసం వెతుక్కునేదాన్ని. నా పేషెంట్ల చేతులు ఇకమీదట ఈ అమ్మాయే గీయాలి."

చిట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత సంతోషం వేసిందంటే, బాబాయిని కౌగలించుకోబోయింది. ఆయన ఆ లోకంలో లేడు. తన మణికట్టుని భూతద్దంలో పదేపదే చూసుకుని, మొహం గంభీరంగా పెట్టి, ఫోను తీసి నానమ్మకి కలిపాడు.

"అమ్మా, ఏదీ దాచకుండా చెప్పు. నేను పుట్టినప్పుడు ఆ గదిలో ఎవరెవరున్నారు?"