సప్పుడు లేని మిషన్

చిక్కడపల్లిలో కిషన్ రావు ఎదురుపడితే మనుషులు ఫోను చెవికి ఆనించుకుంటారు. ఫోను రాలేదని ఆయనకు తెలుసు. తెలుసని వాళ్లకూ తెలుసు. సర్కారు కొలువులో సూపరింటెండెంట్‌గా రిటైరైనప్పటి నుంచి ఆయన్ని రేడియో రావు అంటున్నారు. ఇది రేడియోకు అన్యాయం. దానికి కట్టేసే గుండీ ఉంటుంది.

ఊరంతా వినడం మానేశాక మిగిలింది భార్య అరుంధతి. అక్కడా ఒక చిక్కు. తినడం అయిపోగానే ఆమె సింకు ముందు నిలబడి నల్లా విప్పుతుంది. ఆయన వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకొని కథ విప్పుతాడు.

"ఆ దినం మా ఆఫీసు సాహెబ్ నన్ను ఆదిలాబాద్‌కు బదిలీ చేస్తనన్నడు. నేను సీదా ఆయన రూంలకు పోయిన..."

"ఆఁ?"

"రూంలకు పోయిన అంటున్న!"

"ఇనవడ్తలేదు. నల్లా సప్పుడు."

మొదట్లో ఆ కథలో కిషన్ రావు సాహెబు గది గుమ్మం దాకానే వెళ్లాడు. ఏటా ఒక్కో అడుగు వేస్తూ, ఈమధ్య బల్ల గుద్దేదాకా వచ్చాడు. అడ్డు చెప్పినవాళ్లు లేరు. పూర్తిగా విన్నవాళ్లూ లేరు. ఒక్క మనిషి, ఒక్కసారి, మొదటి నుంచి చివరిదాకా వింటే చాలు, ఆ రోజు నిజంగా అలాగే జరిగినట్టు అయిపోతుందని ఆయన లోలోపల ఎక్కడో నమ్మాడు. ఆ మనిషికీ ఆయనకూ మధ్య నల్లా ఉంది.

అందుకని ఒకరోజు ఎంతో ప్రేమగా అన్నాడు.

"అరుంధతీ, బోళ్లు తోమే మిషన్ కొందాం. నీ నడుము నొస్తున్నది."

"నా నడుము సంగతి మీకెప్పుడు ఎరుకైంది?"

"పెండ్లైనప్పటి సంది చూస్తున్న గదా."

"అవును. చూస్తనే ఉన్నరు."

నమ్మకమైన మిషన్ ఏదో కనుక్కుందామని ఆయన అశోక్ నగర్‌లో స్నేహితుడు మాసయ్య ఇంటికి పోయాడు. మాసయ్య ఛాతీ ఉబ్బించాడు.

"మాది మస్తు మిషనన్నా. మూడేండ్లైంది, ఒక్కపారి గూడ ఖరాబ్ కాలే."

తలుపు తీసి చూపించాడు. పై అరలో ఉల్లిగడ్డలు, కింది అరలో ఆవకాయ జాడీలు.

"గిదేంది మాసయ్యా?"

"ఎంగిలి పల్లేలు, వండిన బోళ్లు ఒక్క దాంట్ల ఎట్ల కడుగుతం అన్నది మా ఇంటామె. ఇగ గట్ల అలమారయింది. అయినా చూడు, ఎంత గట్టిదో!"

వాడనిదేదైనా నమ్మకంగానే ఉంటుంది. కిషన్ రావుకు ఈ సత్యం తట్టలేదు. తట్టి ఉంటే ముందు తన ధైర్యం గుర్తుకొచ్చేది.

భార్యాభర్తలు కోఠికి పోయారు. దుకాణంలో సురేశ్ అనే కుర్రాడు మిషన్ తలుపు తెరిచి, పద్నాలుగు మంది బోళ్లు పడతాయని, కడాయి బోర్లించడానికి చోటుందని ఊపిరాడకుండా చెప్పాడు.

"అవన్నీ ఉండనియ్. సప్పుడెంత?" అన్నాడు కిషన్ రావు.

"నడుస్తున్నదో లేదో చెయ్యి పెట్టి చూడాలె సార్. ఇంత సప్పుడు లేనిది మా దుకాణంల ఇంకోటి లేదు."

"ఇదే ఇయ్యి."

అరుంధతి మిషన్ మీద చెయ్యి పెట్టి చూసింది. "బాబూ, జర సప్పుడు చేసేది లేదా?" అంది.

సురేశ్ మొహం తెల్లబోయింది. సప్పుడు కావాలని అడిగే గిరాకీ ఎదురైతే ఏం చెప్పాలో వాడికెవరూ నేర్పలేదు. కిషన్ రావు పెద్దగా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మిషన్ వచ్చింది. బిగించడానికొచ్చినతను నీళ్ల గట్టిదనం విరగడానికి దాని కడుపులో ఉప్పు పోయాలన్నాడు.

"ఈయనకు బీపీ అని ఉప్పు బంద్ చేసిన. ఇగ దీనికి పెట్టాల్నా?" అంది అరుంధతి.

ఆ సాయంత్రం కిషన్ రావు కుర్చీ వేసుకొని, గొంతు సవరించుకొని కూర్చున్నాడు. నల్లా మోగింది.

"మిషన్ ఉండంగ నల్లా ఎందుకే?"

"ఎంగిలి బోళ్లు సీదా ఎట్ల పెడ్తం? ఒకపారి కడిగి పెడ్తున్న."

"కడిగినంక ఇగ మిషన్ ఎందుకు?"

"పాపం, మీరు ప్రేమతోని తెచ్చిండ్రు గదా. ఊకె ఉంచితే బాగుంటదా?"

కడిగినవన్నీ మిషన్‌లో కడిగింది. మిషన్‌లో కడిగిన వాటి మీద సబ్బు మందు వాసన ఉందని మళ్లీ కడిగింది. చివరికి మిషన్‌నే కడిగింది. నల్లా ముందుకంటే రెండింతలు మోగింది. కిషన్ రావు కథ ఆఫీసు మెట్ల దగ్గరే ఆగిపోయింది.

మర్నాడు ఆయన పంచె ఎగగట్టాడు. "నువ్వు ముట్టకు. నేనే పెడ్త."

పెట్టాడు. మునక్కాడ పిప్పి, కరివేపాకు, చారు అడుగున మిగిలిన ఆవాలు, దేన్నీ వదలకుండా అన్నీ మర్యాదగా లోపలికి పంపాడు. మిషన్ వాటిని కొంతసేపు సహించింది. తర్వాత నీళ్లు పోక, లోపలంతా చింతపండు చెరువయింది. తలుపు తీయగానే చెరువు గట్టు తెగింది. వంటిల్లు, హాలు, హాల్లో ఆయన పరుచుకున్న పేపరు, అన్నీ చారులో నానాయి. అరుంధతి సోఫా మీద కాళ్లు పైకి పెట్టుకొని చూసింది.

"సప్పుడైతే చేస్తలేదు. మంచి మిషన్."

కిషన్ రావు పట్టు వదలలేదు. మిషన్ బిగించినతన్ని పిలిపించి పిప్పంతా తీయించాడు. అప్పట్నుంచి ప్రతి పళ్లెం తనే గీకాడు, ప్రతి గిన్నె తనే బోర్లించాడు. కొలువులో ఉన్నన్నాళ్లూ ఆయన ఏ పనీ అంత శ్రద్ధగా చెయ్యలేదు. చివరికి ఒక సాయంత్రం అన్నీ సరిగ్గా కుదిరాయి. మిషన్ మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. నల్లా కట్టేసి ఉంది. ఇంట్లో సూది పడినా వినిపించేటట్టుంది.

అరుంధతి చేతులు తుడుచుకొని వచ్చి, కుర్చీ లాక్కొని, ఆయన మోకాళ్లకెదురుగా కూర్చుంది.

"ఇగ చెప్పుండ్రి."

"ఏంది?"

"సాహెబ్ రూం ముచ్చట. పూర్తిగ ఇంట."

కలగన్న క్షణం. కిషన్ రావు వెన్ను నిటారుగా పెట్టాడు. "ఆ దినం నేను సీదా రూంలకు పోయిన."

"తలుపు కొట్టి పోయిండ్రా, ఊకెనే పోయిండ్రా?"

ఇన్నేళ్ల కథలో ఆ గదికి తలుపుందని ఆయనకు తోచలేదు.

"ఊకెనే. పోయి బల్ల గుద్దిన. 'నా భార్య నారాయణగూడల టీచరు, నేను పోతే ఆమె నౌకరి పోతది, నేను పోను' అన్న. సాహెబ్ లేచి నిలవడి, 'కూసో కిషన్ రావ్, చాయ్ తాగు' అన్నడు."

"మరి ఆదిలాబాద్‌ల నాలుగేండ్లు ఎవరున్నరు?"

"అంటే... చాయ్ తాగినంక నేనే అన్న. సర్కారు పని గదా, పోతలే అని."

"మీ ఇష్టంతోని."

"ఆఁ, నా ఇష్టంతోనే."

"నా రాజీనామా గూడ మీ ఇష్టంతోనేనా?"

ఆమె కళ్లు తిప్పలేదు. అంత శ్రద్ధగా ఆయన్ని ఎవరూ ఎన్నడూ వినలేదు. కిషన్ రావు వంటింటి వైపు చూశాడు. మిషన్ కిమ్మనకుండా తన పని తాను చేసుకుంటోంది.

"ఆదిలాబాద్‌కు సామాన్లు కట్టకముందు, బర్కత్‌పురల ఒక పేరంటంల సాహెబ్ వాళ్ల ఇంటామె కలిసింది. విద్యావతి గారు. 'మీ ఆయన వచ్చి ఒక్క మాట అడిగితే మా ఆయన ఆపుతుండె. అడగనే లేదు' అన్నది," అంది అరుంధతి.

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకు ఏదో ఒక పని దొరికేది. కోపాన్ని సముదాయించవచ్చు, తిరిగి కోపగించుకోవచ్చు.

"మరి... ఇన్నేండ్లు అననే అనకపోతివి?"

"మీ కథ ఇంటే అనాలె గదా. అందుకే నల్లా ఇప్పుకున్న."

కిషన్ రావు మిషన్ వైపు చెయ్యి చూపించాడు. "ఈ మిషన్ సక్కగ కడుగుతలేదే. రేపటి సంది చేతితోనే..."

"మస్తు కడుగుతున్నది. నా నడుముకు గూడ హాయిగున్నది."

అరుంధతి కొంగు సర్దుకొని, కుర్చీని ఇంకొంచెం ముందుకు జరుపుకుంది.

"సాహెబ్ చాయ్ తాగుమన్నడు. తర్వాత?"