కంసాలి వీధికి క్లిప్పులు

కంసాలి వీధిలో ఇళ్లు వంకరగా ఉన్నాయని పురపాలక సంఘం వాటన్నిటికీ క్లిప్పులు అతికించి తీగ బిగించింది. పని చూసేందుకు పళ్ల డాక్టరు పరంజ్యోతి గారిని పట్టణ ప్రణాళికా విభాగానికి డిప్యుటేషన్ మీద పంపారు. పన్నైనా ఇల్లైనా కదిలే పద్ధతి ఒకటేనని జీవోలోనే ఉంది. నెట్టిన వైపు నేల కరుగుతుంది, వదిలిన వైపు కొత్త నేల పూడుతుంది. నెలకు బెత్తెడు.

కౌన్సిలర్ ఒకాయన క్రేను పెట్టి ఒక్కరోజులో లాగేయమన్నాడు.

"గట్టిగా లాగితే నేల చచ్చిపోద్దండీ, ఇల్లు కదలదు," అన్నాడు డాక్టరు. "మెల్లగా, ఆపకుండా నొక్కాలి."

వరస కుదరడానికి చోటు చాలలేదు. ఒక ఇల్లు పీకాలని తేల్చారు. అది జైనాబీది. బీట కూడా లేని ఇల్లు. చోటు కోసమే పీకుతున్నామని నోటీసులో మర్యాదగానే రాశారు. ఆమె లోపల ఉండగానే ఇంటిని పీకి, పెద్ద స్టీలు ట్రేలో పెట్టి తీసుకుపోయారు. ఎక్కడికన్నది ఫైల్లో లేదు.

పక్కింటి సూరీడమ్మకు ముప్పై ఏళ్లుగా జైనాబీ కిటికీ చేతికందేది. కూర గిన్నె ఒకటి ఇటూ అటూ తిరిగేది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కనుక అది ఎప్పుడూ నిండుగానే ఉండేది. పీకిన రోజున గిన్నె సూరీడమ్మ దగ్గర ఉండిపోయింది. రోజూ ఏదో ఒకటి వండి, అందులో పెట్టి, కిటికీలో ఉంచేది.

నెలనెలా గుమాస్తా వచ్చి తీగ బిగించి ఫారం నింపేవాడు. నొప్పి ఉందా అన్న గడి దగ్గర మొదటి నెల సూరీడమ్మ "ఉంది బాబూ" అంది. నాలుగు రోజుల్లో తగ్గుతుందన్నాడు. నిజంగానే తగ్గింది. అందుకు ఆమె సిగ్గుపడింది.

రెండేళ్లకు వీధి తిన్నగా నిలబడింది. సూరీడమ్మ పొయ్యి ఇప్పుడు జైనాబీ మంచం ఉన్నచోట ఉంది. కిటికీకి ఎదురుగా ఎవరిదో గోడ. గుమాస్తా క్లిప్పులు ఊడదీయించి ఆఖరి ఫారం తెచ్చాడు.

"లోపల సన్న తీగ మాత్రం జీవితాంతం ఉండాలి మామ్మగారూ."

"తీసేత్తే?"

"ఇళ్లకి పాత చోటు గుర్తుంటదండీ. వెనక్కెళ్లిపోతాయి."

"జైనాబీ కూడా వచ్చేత్తాదా?"

గుమాస్తా నిబంధనల పుస్తకం తిరగేశాడు.

"పీకినవి రావండీ. మరి నొప్పి?"

"అలవాటైపోయింది."

ఫారంలో ఆ గడి లేదు. ఉంది, లేదు, రెండే ఉన్నాయి.

"లేదని రాసుకో," అంది సూరీడమ్మ.

అతను వెళ్లాక గిన్నెలో ఉన్నది తనే తినేసింది. కడిగి బోర్లించింది.