తనిఖీ రంగు

గుత్తులలంక రేవులో పర్యాటకులను తిప్పే ఫైబరు బోటు ‘చిలకమ్మ’ డెక్కులోకి, దాన్ని నడిపే సరంగు తాతారావు రెండు కాళ్ళూ చీలమండల దాకా దిగిపోయాయి. శనివారం తనిఖీ ఉంది కనుక అతన్ని బయటికి తీయకుండా చుట్టూ లప్పం పెట్టి రంగు వేసేశారు. ఇది బుధవారం ఉదయం పదకొండు గంటలకు జరిగింది. పదకొండున్నర ట్రిప్పు పదకొండున్నరకే బయల్దేరింది. అతను దిగిపోయింది సరిగ్గా స్టీరింగు ముందే కావడంతో పనికి ఆటంకం కలగలేదు.

చిలకమ్మ డెక్కు వయసు పద్నాలుగేళ్ళు. ఎండకు మెరుపు చచ్చి, చేత్తో రాస్తే సుద్దలాంటి తెల్లపొడి అంటుకునేది. సరంగు నిలబడే చోటైతే నానిన అట్టలా కుంగి, అడుగు తీయగానే మళ్ళీ లేచేది. దీనికి ఆ రేవులో ఒక పద్ధతి ఉంది. తనిఖీకి ముందు ఉప్పుకాగితంతో రుద్దుతారు, పగుళ్ళలో లప్పం కూరతారు, పైన నీలం రంగు ఒక పూత వేసి మైనం రాస్తారు. దాన్ని తనిఖీ రంగు అంటారు. ఆ వారమంతా బోటు పెళ్ళికూతురిలా ఉంటుంది. తర్వాత సంగతి ఎవరూ చూడరు.

మెకానిక్కు ఇంజను గదిలోకి దిగి టార్చి వేసి చూశాడు. డెక్కు మందం రెండంగుళాలే అయినా, తాతారావు పాదాలు అవతల ఎక్కడా బయటికి రాలేదు. “కింద కాళ్ళు లేవండి,” అని పైకొచ్చి చెప్పాడు. మేనేజరు భాస్కరమూర్తి ‘కింద ఏ ఇబ్బందీ లేదు’ అని పుస్తకంలో రాసుకున్నారు.

తాతారావు భార్య హిమబిందుకు ఆ రోజుకు పెళ్ళయి పదకొండు రోజులు. బీయస్సీ చదివింది. గట్టు మీద రెండు గదుల అద్దె ఇల్లు, అందులో కొత్త గిన్నెలు, గిన్నెల మీద ఇంకా ఊడదీయని కాగితం బిళ్ళలు, వాటిని గోటితో మెల్లగా లాగినప్పుడు చిరక్కుండా మొత్తం ఊడొస్తే కలిగే సంతోషం, ఇవన్నీ ఆమెకు పెద్ద సంగతులే. అన్నిటికన్నా పెద్దది హారన్. రెండున్నర ట్రిప్పు ఇంటి ముందు నుంచి పోతున్నప్పుడు తాతారావు రెండుసార్లు హారన్ కొట్టేవాడు. ఆమె కిటికీలో నిలబడి చెయ్యి ఊపేది. పర్యాటకులు తమకే అనుకుని తిరిగి ఊపేవారు. ఆ సంగతి తలుచుకుని ఆమె సాయంత్రం దాకా ఒక్కత్తే నవ్వుకునేది.

పదహారో రోజు సోమవారం పడింది. ఆ రోజు కొత్త జంటను పుట్టింట్లో పీటల మీద కూర్చోబెట్టి, నల్లపూసలు గుచ్చి మెళ్ళో వేయిస్తారు. ఆదివారం సాయంత్రం బస్సుకు ఇద్దరూ బయల్దేరాలని ఎప్పుడో అనుకున్నారు. బుధవారం మధ్యాహ్నం కొత్త క్యారేజీలో వంకాయ కూర పట్టుకుని రేవుకు వచ్చిన హిమబిందుకు, భర్త కాళ్ళ చుట్టూ ఆరుతున్న రంగు కనిపించింది.

“నొప్పెడతందా అండీ?”

“లేదు. చల్లగా ఉంది. తడి ఇసకలో కాళ్ళు పెట్టుకున్నట్టుంది,” అన్నాడు తాతారావు. “కూర బాగుంది బిందూ. కాస్త ఉప్పు తగ్గింది.”

ఆమె నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది. భాస్కరమూర్తి మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, ఫ్యాను ఆమె వైపు తిప్పారు.

“డెక్కు కోయించి మా ఆయన్ని తీయించండి సార్.”

“కొయ్యడమంటే మరమ్మతమ్మా. మరమ్మతంటే డెక్కు పాడైందనేగా? పోయినేడు తనిఖీ కాగితంలో ‘కొత్త డెక్కుతో సమానం’ అని రాయించుకున్నాం. కొత్తదాన్ని ఎవరన్నా కోస్తారా, నువ్వే చెప్పు.”

“మరి కొత్తదాంట్లోకి మనిషెలా దిగాడండి?”

“అదే నేనూ అడిగాను మీ ఆయన్ని. సంజాయిషీ రాసిమ్మన్నాను.”

“కాలు కదపలేని మనిషి ఏం రాస్తాడండి?”

“చేతులు బానే ఉన్నాయిగా తల్లీ. ఒక్క శనివారం దాకా ఓపిక పట్టు. తనిఖీ అయిపోనీ, అప్పుడు చూద్దాం.”

హిమబిందు గురువారం మళ్ళీ వెళ్ళింది. ఆ రోజు ఇంకో చిక్కు తేలింది. హాజరు పట్టీ ఆఫీసు దాటి బయటికి పోకూడదు. తాతారావు బోటు దాటి బయటికి రాలేడు. కాబట్టి బుధవారం మధ్యాహ్నం నుంచి ఏడు ట్రిప్పులు నడిపినా అతను గైర్హాజరు కిందే లెక్క. గైర్హాజరుకు మెమో సిద్ధమైంది. దాన్ని అతనికి అందజేసి సంతకం తీసుకోవడానికి ప్యూను, అతను నడుపుతున్న బోటే ఎక్కి అవతలి గట్టు దాకా వెళ్ళొచ్చాడు.

“ఎక్కడున్నాడో తెలిసే కదండీ మెమో అక్కడికి పంపారు?” అంది హిమబిందు.

“ఎక్కడున్నాడో తెలుసమ్మా. రాలేదన్నదే మెమో.”

ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గోడకు కూడా కొత్తగా సున్నం వేసి ఉంది, అంటుకుంటుందని ఊరుకుంది.

రంగుల నూకరాజు ఉదయం ఒక పూత, సాయంత్రం ఒక పూత వేస్తున్నాడు. పద్నాలుగేళ్ళుగా చిలకమ్మకు తనిఖీ రంగు వేస్తున్నది అతనే. పని తెలిసిన మనిషి. తాతారావు పిక్కల చుట్టూ ఉప్పుకాగితం పెట్టి వేలితో సున్నితంగా రుద్ది, అంచు తెలియకుండా లప్పం లాగి, పర్యాటకులు జారిపోకుండా రంగులో జల్లించిన ఇసుక కలిపి పూస్తున్నాడు. ఒక్కో పూతకు తాతారావు నాలుగు వేళ్ళు తగ్గుతున్నాడు. శుక్రవారం మధ్యాహ్నానికి మోకాళ్ళు వచ్చేశాయి.

“మా ఆయన దిగిపోతన్నారు అన్నయ్యా, నువ్వు పూత ఆపు,” అంది హిమబిందు.

“దిగట్లేదు చెల్లెమ్మా. డెక్కే పైకొస్తంది. పూత మీద పూత పడతంది కదా, మందం పెరుగుద్ది.”

ఆమె చున్నీతో రెయిలింగు ఎత్తు కొలిచింది. బుధవారం కూడా కొలిచి ముడి వేసి ఉంచింది. ముడి ముడి దగ్గరే ఉంది.

“డెక్కు పైకొస్తే రెయిలింగు పొట్టవ్వాలి కదా? అంతే ఉందే?”

నూకరాజు కుంచె ఆపి కాసేపు రెయిలింగు వైపు చూశాడు. “అది కూడా పెరిగుంటది,” అన్నాడు. “నువ్వు చదువుకున్నదానివి, నాకంటే నీకే తెలవాలి.”

డెక్కు పైకొస్తోందన్న మాట మేనేజరుకు నచ్చింది. ‘డెక్కు మందం సంతృప్తికరంగా పెరుగుచున్నది’ అని ఫైలులో చేరింది. అప్పటి నుంచి తాతారావు ఎంత దిగితే డెక్కు అంత మెరుగుపడినట్టు.

శనివారం పది గంటలకు తనిఖీ అధికారి వచ్చారు. తెల్ల కాన్వాసు బూట్లు వేసుకున్న సన్నటి మనిషి. హిమబిందు పెళ్ళి చీర కట్టుకుని, చేతిలో ముడి వేసిన చున్నీతో బోటు మీద ఎదురుచూస్తోంది. ఆయన మొత్తం కళ్ళారా చూస్తాడు, చూసినవాడు ఎలా ఊరుకుంటాడు అన్నది ఆమె నమ్మకం.

ఆయన నిజంగానే మొత్తం చూశారు. వంగి రంగు మీద వేలు రాశారు. బూటు కాలితో రెండుసార్లు తట్టారు. తాతారావు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మోకాళ్ళ దగ్గర లప్పం అంచు వెతికారు. దొరకలేదు.

“పని శుభ్రంగా ఉందయ్యా,” అన్నారు. పట్టుకొచ్చిన కాగితంలో మొదటి మూడు గళ్ళూ గబగబా నింపారు. రంగు: బాగున్నది. జారుడు: లేదు. పగుళ్ళు: కనిపించుట లేదు. నాలుగో గడి దగ్గర కలం ఆగింది. డెక్కుపై అడ్డంకులు.

“ఇతను మా ఆయన సార్,” అంది హిమబిందు. “మనిషి. డెక్కులో ఇరుక్కున్నాడు.”

“మనిషని తెలుస్తూనే ఉందమ్మా. డెక్కు మీద ఉన్నాడా, డెక్కులో ఉన్నాడా అన్నది తేలాలి. మీద ఉంటే సిబ్బంది. లోపలుంటే నిర్మాణం. దేనికీ అడ్డంకి అనే మాట రాదు.”

“మోకాళ్ళ దాకా లోపలుందండి, మిగతాది బయట,” అన్నాడు తాతారావు. దాచిపెట్టే అలవాటు అతనికి లేదు.

“అయితే మోకాళ్ళ వరకు నిర్మాణం, ఆ పైన సిబ్బంది.” అధికారి అలాగే రాశారు.

“సోమవారం మాకు పదహారు రోజుల పండగ సార్. ఇద్దరం మా ఊరెళ్ళాలి. ఇప్పుడు నేనొక్కదాన్నే వెళ్తే మావాళ్ళేమనుకుంటారు?” అంది హిమబిందు.

అధికారి మనసు కరిగింది. ఆయన మేనేజరు వైపు తిరిగి, “సెలవులున్నాయా ఇతనికి?” అని అడిగారు.

“క్యాజువల్ లీవులు అన్నీ అలాగే ఉన్నాయి సార్.”

“పాపం, కొత్త జంట. సిబ్బంది భాగానికి ఒక రోజు ఇచ్చెయ్యండి. నిర్మాణం మాత్రం బోటు దాటి పోకూడదు, నేను ఇప్పుడే సంతకం పెట్టాను.”

గంటలో ఉత్తర్వు టైపయింది. ‘శ్రీ తాతారావు, సరంగు, మోకాళ్ళ పైభాగమునకు సోమవారం ఒక రోజు సెలవు మంజూరు చేయడమైనది. సదరు సెలవులో వారు ప్రధాన కార్యస్థానము విడిచి వెళ్ళరాదు.’ హిమబిందు దాన్ని మూడుసార్లు చదివింది. ఎక్కడా తప్పు పట్టడానికి వీల్లేకుండా ఉంది. మెకానిక్కు, ప్యూను వచ్చి, ఇంత తొందరగా ఎవరికీ సెలవు దొరకలేదని ఆమెను అభినందించారు.

ఆదివారం ఆమె తల్లికి ఫోను చేసింది. “సెలవు దొరికిందమ్మా. రేవు వదిలి కదలకూడదంట. మీరే వచ్చెయ్యండి, పండగ బోటు మీద చేసుకుందాం.”

“బోటు మీదా?” తల్లి మంగతాయారు గొంతు వెలిగిపోయింది. “మన ఇళ్ళల్లో ఎవరికీ జరగలేదే అలాగ. మీ పిన్నికి ఇప్పుడే చెప్తాను, కుళ్ళుకుని చస్తది. అల్లుడుగారు ఎలాగున్నారు?”

“బాగున్నారు.”

“నిన్ను బాగా చూసుకుంటన్నారా?”

“ఎప్పుడూ ఒకేలాగ ఉంటారమ్మా,” అంది హిమబిందు.

ఫోను పెట్టాక ఆమె గుమ్మంలో కూలబడింది. పిన్ని కళ్ళు మామూలు కళ్ళు కావు. పెళ్ళిలో పందిరి గుంజకు చుట్టిన కాగితం పూలు ఎన్ని చోట్ల చిరిగాయో లెక్క చెప్పిన మనిషి. పదకొండు రోజులకే మొగుడు డెక్కులో దిగిపోయాడని ఊరంతా చెప్పుకుంటే, అమ్మ తలెత్తుకుని తిరగ్గలదా? మేనేజరును తిట్టుకుంటూనే చెప్పులేసుకుని నూకరాజు ఇంటికి వెళ్ళింది.

“అన్నయ్యా, రేపు పది గంటలకి మావాళ్ళొస్తన్నారు. కనపడకుండా ఏం చెయ్యగలవు?”

“ముందే చెప్పాల్సింది చెల్లెమ్మా,” అన్నాడు నూకరాజు. అయినా లేచి చొక్కా వేసుకున్నాడు.

తాతారావు వెనక ఒక ఎత్తు స్టూలు పెట్టి కూర్చోబెట్టారు. స్టూలుకు పట్టు గుడ్డ చుట్టారు. మోకాళ్ళ చుట్టూ పచ్చగడ్డి లాంటి తివాచీ చీల్చి పరిచారు. సోమవారం పొద్దున్నే హిమబిందు స్వయంగా అతనికి పట్టు పంచె కట్టి, కుచ్చిళ్ళు తివాచీ మీద విసనకర్రలా పరిచింది. దూరం నుంచి సింహాసనం మీద కూర్చున్న మనిషిలా ఉన్నాడు. దగ్గర నుంచి కూడా అలాగే ఉన్నాడు. ఆమెకు ఒక్క క్షణం నిజంగా ముచ్చటేసింది.

పండగ బాగా జరిగింది. నల్లపూసలు గుచ్చారు, తాతారావు ఆమె మెళ్ళో వేశాడు. పెద్దలకు దణ్ణం పెట్టమన్నప్పుడు నడుం దాకా వంగాడు.

“పెద్దాళ్ళొస్తే లేవడేంటే అల్లుడు?” అంది పిన్ని.

“డ్యూటీ కుర్చీ చెల్లీ. లేవకూడదు,” అంది మంగతాయారు తడుముకోకుండా. పిన్ని మంచి ఉద్యోగమే అనుకుని తివాచీ ఎక్కడ కొన్నారో అడిగింది.

ఫొటోలప్పుడు గాలికి కుచ్చిళ్ళు చెదిరాయి. సర్దడానికి మంగతాయారు వంగింది. వంగిన మనిషి అలాగే ఉండిపోయింది. చేత్తో తివాచీ అంచు తడిమి, ఆ చేతిని వెనక్కి తీసుకుంది. తల్లి కుచ్చిళ్ళను ఒక్కొక్కటిగా మడత తీరుగా పరిచి, లేచి కూతురి చెవి దగ్గరికి వచ్చింది.

“మీ నాన్నకి ఆఫీసులో కుర్చీ దగ్గర నడుం దాకా ఇలాగే లోపలుండేది,” అంది. “రిటైరయ్యాకే తీసిచ్చారు. నీకు చెప్పలేదు, చిన్నపిల్లవని.”

“మరి ఇంటికి రోజూ వచ్చేవారు కదమ్మా?”

“పైభాగం వచ్చేదే,” అని తల్లి ఆమె కొంగు సర్దింది.

రెండు గంటలకు చుట్టాలు ఒకరి వెనక ఒకరు చెక్క మీదుగా గట్టుకు దిగుతున్నారు. హిమబిందు భర్త పక్కన నిలబడి చెయ్యి ఊపుతోంది. ఆరు రోజులుగా క్యారేజీ పట్టుకుని నిలబడే చోటే అది. వీడ్కోలు చెప్పడానికి అడుగు ముందుకు వేయబోతే కుడికాలు రాలేదు. కిందికి చూసింది. పారాణి, మెట్టెలు లోపలికి పోయాయి. పట్టీ ఒక్కటే నీలం రంగు మీద వెండి గీతలా తేలుతోంది. ఎడమకాలి కింద కూడా డెక్కు మెత్తగా కుంగింది. అతను చెప్పినట్టే చల్లగా ఉంది.

ఆమె చెయ్యి ఊపడం ఆపలేదు.

“నూకరాజన్నయ్యా,” అంది వెనక నిలబడ్డ అతనితో నెమ్మదిగా, పెదాలు కదిలీ కదలకుండా. “మావాళ్ళింకా కారెక్కలేదు. లప్పం మిగిలిందా?”

“ఉంది చెల్లెమ్మా. పది నిమిషాల్లో ఆరిపోద్ది. పట్టీ కనపడాలా?”

“అక్కర్లేదు,” అంది హిమబిందు.

తాతారావు సెలవులో ఉన్నా, వేరే సరంగు లేనందున రెండున్నర ట్రిప్పు రెండున్నరకే బయల్దేరింది. ఇంటి ముందుకు రాగానే అతను అలవాటుగా రెండుసార్లు హారన్ కొట్టి కిటికీ వైపు చూశాడు. కిటికీలో ఎవరూ లేరు.

“ఇక్కడే ఉన్నానండీ,” అంది హిమబిందు పక్కనుంచి. పర్యాటకులు ఖాళీ కిటికీకి చెయ్యి ఊపారు.