అక్షం వెనకాల మా వీధి

మానవజాతి కనిపెట్టిన పరిపాలనా పద్ధతులన్నింటిలో, నీళ్లను స్టార్ గుర్తులుగా మార్చి చూసుకోవడాన్ని మించినది లేదు. (స్టార్ గుర్తులు తుప్పు పట్టవు. కారవు కూడా.)

మా ఊరి నీటి సరఫరా కార్యాలయంలో ఏ నివేదికైనా టైపు అక్షరాల్లోనే ఉండాలి. చేత్తో గీత గీస్తే అది బొమ్మ కిందికి వస్తుంది. బొమ్మలకు అనుమతి వేరే శాఖ ఇవ్వాలి, ఆ శాఖ ఇంకా పుట్టలేదు. అందుకని వీధికో కాగితం. నడుమ ఒకదాని కింద ఒకటి నిలువు గీతలు టైపు చేస్తారు. అది అక్షం, అంటే సున్నా. రోజుకో వరస. ఆ రోజు వీధికి ఎన్ని నీళ్లొస్తే అక్షానికి కుడివైపు అంత దూరంలో ఒక స్టార్. నిన్నటి మీద ఎంత పెరిగాయో తగ్గాయో చెప్పడానికి ఒక ప్లస్. దాన్ని చదువుకున్నవాళ్లు అవకలజం అంటారు. పెరిగితే ప్లస్ కుడికి పడుతుంది, తగ్గితే ఎడమకు.

రోజులు పక్కకు నడవకుండా కిందికి దిగుతాయి కాబట్టి, అక్కడి గుమాస్తాలందరి మెడలూ ఒక పక్కకు వాలి ఉంటాయి. ప్రమోషన్‌కి ఆ వాలును కూడా కొలుస్తారని వినికిడి.

మా వదినకు లాండ్రీ ఉంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతకడమే ప్రధానమైన పని. కుళాయిలు ఎండిపోయాక మూటలు గుమ్మం దాటి రోడ్డెక్కాయి. శనివారానికి ఉతికి ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

"పద మరిదీ. నువ్వు ఊరికే పక్కన నిలబడు, మాట్లాడేది నేను" అంది వదిన. నాకు బాగా వచ్చిన పని అదే.

గుమాస్తా మా వీధి కాగితం తీసి, మెడ సర్దుకుని చూసి, మురిసిపోయాడు.

|
|
|

"ఎంత నిటారుగా ఉందమ్మా! మిగతా వీధులన్నీ వంకర టింకరే."

"అది మీ గీత బాబూ. మా స్టార్ ఏది? ప్లస్ ఏది?"

"మీ నీళ్లు సున్నా, మార్పూ సున్నా. రెండూ అక్షం గడిలోనే పడతాయి. గడికి ఒక్క అక్షరమే చెల్లుతుంది. పెద్దరికం అక్షానిది."

"అంటే మేం ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నారమ్మా. వెనకాల ఉన్నారు."

"సరే, నీళ్లు లేవని రాసుకో నాయనా."

"లేవంటే కుదరదు, తగ్గాలి. ప్లస్ ఎడమకు రావాలి."

"సున్నా ఇంకేం తగ్గుతుందయ్యా? ఒట్టిపోయిన గేదె పాలు తగ్గించిందంటారా ఎవరైనా?"

"ఆగిపోయిన రోజు తగ్గిందిగా! ఆ రోజు ఎడమన ప్లస్ పడింది, నేనే చూశా. ఆ రోజే రావాల్సింది."

"ఆ రోజు బిందెల్లో నీళ్లున్నాయి కదయ్యా!"

"అదే మరి" అన్నాడు గుమాస్తా. (ఏది అదో చెప్పలేదు.)

మమ్మల్ని అక్షాల ఉపపర్యవేక్షకుడి దగ్గరికి పంపారు. సర్వీసు ఎక్కువ కావడం వల్ల ఆయన చెవి భుజానికి ఆనింది. చేత్తో పట్టుకోకుండానే ఫోన్ మాట్లాడుతున్నాడు. మాట్లాడటం అయ్యాక, ఫిర్యాదులు మూడే రకాలని చెప్పాడు: పెరుగుట, తరుగుట, కనబడకపోవుట.

"మూడోది మీకు అతికినట్టు సరిపోతుందమ్మా."

"ఏదో ఒకటి రాయండి బాబూ, నా దుప్పట్లు గట్టెక్కితే చాలు."

శుక్రవారానికల్లా తేల్చేస్తామని ఆయన మాటిచ్చాడు. వదిన దారిలో సబ్బులు కొంది. విషయం తెలిసి వీధివాళ్లంతా కుళాయిల కింద బకెట్లు పెట్టారు.

శుక్రవారం ఉపపర్యవేక్షకుడు స్వయంగా వచ్చాడు. బకెట్ల మధ్య నుంచి జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చి, కొత్త కాగితం విప్పాడు.

| *
| *
| *

"మీకోసం అక్షాన్నే రెండు గడులు ఎడమకు జరిపించానమ్మా. ఈ ఉద్యోగంలో ఇంత సాహసం ఎవరూ చేయలేదు."

"ప్లస్ ఏది?"

"స్టార్ వెనకాల ఉంది."

"మరి నీళ్లు?"

"సున్నానే. ఇదివరకు కనబడేది కాదు, ఇప్పుడెంత తేటగా కనబడుతోందో చూడండి!"

వదిన చూసింది. "దీన్ని పిండితే చుక్కయినా రాలుతుందా అయ్యా?" అని అడిగింది. అది మూడు రకాల్లో దేని కిందికీ రాదని ఆయన బాధపడ్డాడు.

శనివారం ఆసుపత్రి బండి వచ్చి మూటలన్నీ ఉతక్కుండానే ఎత్తుకెళ్లింది. సోమవారం కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. ఫిర్యాదు: కనబడకపోవుట. పరిష్కారం: కనబడుట.

వదిన నా చేత రెండుసార్లు చదివించుకుంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.