మూడు వచ్చినయ్, ఇంకోటి రేపు

ఆ శుక్రవారం పొద్దున దమయంతి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా నారాయణగూడ నుంచి స్నేహలత వస్తుంది. ఇద్దరూ పెరటి కిటికీ దగ్గర కూర్చుని, నోరు మూసుకుని, దర్జీ పిట్టను చూస్తారు. ఇందులో నోరు మూసుకోవడం ఒక్కటే కష్టం. కాలేజీ రోజుల నుంచి ముప్పై ఏళ్లుగా ఆ స్నేహితురాళ్లు కలిసి చేయలేకపోయిన పని అదొక్కటే.

అశోక్‌నగర్‌లో ఆ ఇంటి పెరడంటే ఒక అంజీర చెట్టు, దాని చుట్టూ నాలుగు అడుగుల మట్టి. ఆ చెట్టు ఆకులు రెండింటిని దగ్గరికి లాగి, పీచుతో కుట్లు వేసి, బొటనవేలంత పిట్ట ఒకటి అందులో నాలుగు గుడ్లు పెట్టింది. కిందటేడూ పెట్టింది గానీ, గోడకు రంగులేసే వాళ్ల హడావుడికి బెదిరి వదిలేసి పోయింది. ఆ రోజు దమయంతి అన్నం ముట్టలేదు. అందుకే ఈసారి పన్నెండు రోజులుగా పెరట్లోకి చీమను కూడా రానివ్వలేదు. భర్త జగన్మోహన్ తుమ్ము వస్తే వీధిలోకి వెళ్లి తుమ్మి వస్తున్నాడు.

ఏడుంబావుకు ఆకుల సందులోంచి మూడు బుల్లి నోళ్లు తెరుచుకున్నాయి. దమయంతి సంతోషంతో చప్పట్లు కొట్టబోయి ఆగింది. ఫోనందుకుని గబగబా కొట్టింది: "మూడు వచ్చినయ్. ఇంకోటి రేపు వస్తది. ఎవ్వరికీ చెప్పకు, ఆగమాగం జేస్తరు. జల్ది రా."

పంపాల్సింది స్నేహకు. పోయింది మాత్రం "స్నేహ లేడీస్ హాస్టల్" గ్రూపుకు. పై రెండంతస్తుల్లో నడిపే హాస్టల్‌కు స్నేహితురాలి పేరు పెట్టుకుంటే వచ్చే చిక్కు ఇది. ఆ గ్రూపులో నలభై మంది అమ్మాయిలు, నలభై మందీ సర్కారు కొలువు నోటిఫికేషన్ కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నవాళ్లే. పైగా ఓనరమ్మ భర్త సర్కారు ఆఫీసులో సూపరింటెండెంట్. ఇక వాళ్లకు వేరే అర్థం ఎందుకు తోస్తుంది? దమయంతి మాత్రం ఫోను పక్కన పడేసి మళ్లీ కిటికీకి అతుక్కుపోయింది.

ముందుగా రెండో అంతస్తు నుంచి రోజా దిగింది.

"ఆంటీ, నిజంగనే మూడు వచ్చినయా?"

"నీకెట్ల తెల్సే? జర మెల్లగ మాట్లాడు. మూడు. నా కండ్లతోని చూసిన."

"ఇంకోటి రేపు పక్కానా?"

"పక్కా."

రోజా ఆమెను గట్టిగా వాటేసుకుంది. పిట్టపిల్లల మీద ఇంత ప్రేమ ఉన్న అమ్మాయికి రేపటి నుంచి గట్టి పెరుగు వేయాలనుకుంది దమయంతి.

రోజా ఆ రహస్యాన్ని చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకునే వాళ్ల అన్నకు ఒక్కడికే చెప్పింది, ఎవ్వరికీ చెప్పొద్దన్న మాటతో సహా. ఎనిమిదింబావుకల్లా వెనక గల్లీలో అరవై మంది పోగయ్యారు. అందరికంటే ముందు ఉదయ్ కుమార్ అనే కుర్రాడు, జేబులో మూడు రంగుల పెన్నులతో పెరటి గేటు పట్టుకుని నిలబడ్డాడు. దమయంతి కిటికీలోంచి వాళ్లను చూసింది. తల్లిపిట్ట మేతకు వెళ్లి ఇంకా రాలేదు. ఈ జనాన్ని చూస్తే వస్తుందా? నోటిమీద వేలేసుకుని గేటు దగ్గరికి పరుగెత్తింది.

"మేడం, ఏజ్ లిమిట్ ఎంత?" అన్నాడు ఉదయ్ కుమార్.

"ఏజేంది బాబూ, ఇయ్యాల పొద్దుగాలనే వచ్చినయ్."

"లోకలా, నాన్ లోకలా?"

"మా పెరట్ల పుట్టినయ్. లోకల్ గాకపోతె ఏంది?"

"క్యాన్సిల్ గావు గద మేడం?"

దమయంతికి ఏడుపొచ్చినంత పనైంది. "మీరిట్ల గుంపులు గుంపులు వస్తె అయితది. పోయినేడు గట్లనే అయింది. తల్లి అన్నీ ఇడిసిపెట్టి పోయింది."

గల్లీ అంతా నిట్టూర్చింది. పోయినేడు క్యాన్సిలైన బాధ వాళ్లకూ తెలుసు. ఆ తల్లెవరో పెద్ద ఆఫీసరమ్మ అయి ఉంటుందనుకున్నారు. అంతలో, ఆ రోజు పని ఉండి పెందలాడే ఆఫీసుకు పోయిన జగన్మోహన్ నుంచి ఫోను.

"ఇంట్ల ఏందో వచ్చినయంట గద? మా ఆఫీసర్‌కు ఫోన్ల మీద ఫోన్లంట, పిలిచి అడుగుతున్నడు."

"మూడు వచ్చినయ్. నాలుగోది రేపని ఆయనకు గూడ చెప్పుండ్రి."

అవతల కుర్చీ కిర్రుమంది. ఫోను కట్టయింది.

సరిగ్గా అప్పుడే మెడలో బైనాక్యులర్లతో స్నేహలత జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"ఏందే ఈ జాతర?"

"పిల్లలను చూడనీకి వచ్చిన్రు. నీకు మెసేజ్ పెట్టిన గద."

"నాకేం రాలే."

ఇద్దరూ ఫోను చూశారు. స్నేహలత మెట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. దమయంతికి మాత్రం నవ్వు రాలేదు. గేటు అవతల ఆ ముఖాల్లో ఎంత ఆశ ఉందో ఇప్పుడు అర్థమై, సిగ్గుతో చచ్చిపోయింది.

"బిడ్డా, వచ్చినయి నోటిఫికేషన్లు కావు. పిట్టపిల్లలు" అంది. "తప్పు నాదే. జర లొల్లి చెయ్యకుండ పోండ్రి, మీకు దండం పెడ్త."

ఎవరో ఒకరు అరుస్తారు, గూడు గంగలో కలుస్తుందని దమయంతి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి తల్లిపిట్ట ముక్కున పచ్చ పురుగుతో ఉదయ్ కుమార్ చేతికి జానెడు దూరంలో, గేటు మీద వాలి ఉంది. అరవై మందీ బొమ్మల్లా బిగుసుకుపోయారు. లైబ్రరీలో ఒకే బెంచీ మీద మూడేళ్లు చప్పుడు లేకుండా కూర్చున్నవాళ్లకు అదెంత పని? పిట్ట తోక ఆడించింది, తుర్రున అంజీర చెట్టుకు ఎగిరింది. మూడు నోళ్లు ఒక్కసారిగా తెరుచుకున్నాయి.

"అబ్బ, దమయంతీ, నోట్లె పెడ్తుందే, చూడవే" అని గల్లీ దద్దరిల్లేలా అరిచింది స్నేహలత.

"ష్" అన్నారు అరవై మంది ఆమె వైపు తిరిగి.

పిట్ట అవేవీ పట్టించుకోకుండా మళ్లీ మేతకు పోయింది, మళ్లీ వచ్చింది. పదింటిదాకా బైనాక్యులర్లు వరుస తప్పకుండా ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారాయి. దమయంతి ఆనందం పట్టలేక అందరికీ చాయ్ పెట్టింది. వెళ్లేటప్పుడు వాళ్ల ముఖాలు వచ్చినప్పటికంటే తేటగానే ఉన్నాయి.

అటవీ శాఖలో నాలుగు పోస్టులు పడ్డాయని, నాలుగూ ఆ సూపరింటెండెంట్ గారి ఇంటివాళ్లకే పోయాయని సాయంత్రానికల్లా చిక్కడపల్లి టీ బండి దగ్గర ఖాయమైంది.