‘సూన్’ అంటే ఎప్పుడు

“బ్రిడ్జి లేటు కాలే. ఇంగ్లిష్ మారింది!” అని మా నాయకుడు జగపతి గారు నర్మెట్ట సభలో ప్రకటించినప్పుడు మొదట చప్పట్లు కొట్టింది నేనే. విలేకరిని కదా, ముందు కుర్చీ ఇచ్చారు.

విషయం చిన్నదే. తండా పక్కన వాగు మీద వంతెనకు ఆయన ఐదేళ్ల కింద శంకుస్థాపన చేశారు. రాయి మీద ఇంగ్లిష్‌లో ‘బ్రిడ్జి కమింగ్ సూన్’ అని చెక్కించారు. సభకు ముందురోజు తండా నుంచి సోమ్లీ ఆయన ఇంటికే వచ్చింది.

“సూన్ అంటే ఎప్పుడు, బాపూ? నా కోడలు నీలికి నెలలు నిండినయి. దవాఖానకు పోవాలంటే వాగు దాటాలె.”

ఐదేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. జగపతి గారు రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్ కృపాకర్‌ను పిలిపించారు.

“వెయ్యేండ్ల కింద సూన్ అంటే ‘ఇప్పుడే’ అని అర్థమన్నా,” అన్నాడు కృపాకర్. “ఇప్పుడే అన్నోళ్లెవరూ ఇప్పుడే చెయ్యలే. దాంతోని అది ‘జర ఆగు’ అయింది.”

“అంటే తప్పు నాది కాదు?”

“తెల్లోళ్లది.”

కృపాకర్‌కు అక్కడికక్కడే శాలువా కప్పారు. మర్నాడే నేను చప్పట్లు కొట్టిన సభ.

సభ అయ్యాక, ‘సూన్’ తీసేసి ‘ఇమ్మీడియట్లీ’ చెక్కిద్దామన్నారు జగపతి గారు.

“అది గూడ ఖరాబైతదన్నా,” అన్నాడు కృపాకర్. “వాడేటోళ్లను బట్టి ఉంటది.”

“అయితే మాట వద్దు, గ్రామరే మారుద్దాం. ఫ్యూచర్ టెన్స్ బంద్. పాస్ట్ టెన్స్ పెట్టుండ్రి.”

వారంలో కొత్త రాయి లేచింది: ‘బ్రిడ్జి కంప్లీటెడ్’. రిబ్బన్ కత్తిరించారు. ఒక్క బస్తా సిమెంటు వాడకుండా వంతెన పూర్తి చేసిన దక్షతను నేనింకెక్కడా చూడలేదు. వంతెన వచ్చింది గనుక ఇక వాగులో దిగరాదని, ఒడ్డున కార్యకర్త బిక్షాన్ని కాపలా పెట్టారు.

ఆ శుక్రవారం పొద్దున నీలికి నొప్పులు మొదలయ్యాయి. మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. ఒక మూల సోమ్లీ పట్టింది. వాగు నడుము లోతున పారుతోంది.

“బ్రిడ్జి ఉండంగ నీళ్లల్ల దిగుడేందక్కా? రూల్ ఒప్పుకోదు,” అన్నాడు బిక్షం.

“మంచిది తమ్మీ. గా బ్రిడ్జి మీదికెల్లి నువ్వు ముందు నడువు. నీ ఎన్క మేమొస్తం.”

బిక్షం రాయిని చూశాడు. వాగును చూశాడు. నీలి మళ్లీ అరిచింది. అతను చెప్పులు విడిచి, పార్టీ కండువా నడుముకు చుట్టి, సోమ్లీ పట్టిన మంచంకోడు తన భుజాన పెట్టుకుని నీళ్లలోకి దిగాడు.

మధ్యాహ్నానికి జనగామ దవాఖానలో నీలికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలు క్షేమం. సాయంత్రం జగపతి గారు స్వయంగా వచ్చి పూలగుత్తి అందించారు. దానికి ఇంగ్లిష్‌లో రాసిన కార్డు కట్టి ఉంది. సోమ్లీ అడిగితే నేనే తెలుగు చేసి వినిపించాను:

“మా బ్రిడ్జి మీదుగా వచ్చిన తొలి పౌరురాలికి శుభాకాంక్షలు.”