ఒక్క ఉద్యోగానికి ఇద్దరు భావనారాయణలు

ఆ సోమవారం ఉదయం భావనారాయణ వేసుకున్న పథకం చాలా చిన్నది. గెడ్డం గీయించుకుని, బజారులో మల్లేశ్వరరావు కొట్టుకి వెళ్ళి ఒక కాగితం మీద సంతకం పెట్టి, వచ్చేటప్పుడు కిరసనాయిలు పట్టుకుని భోజనం వేళకి ఇల్లు చేరడం.

కొరాపుట్ కొండలు తొలిచి రైలుమార్గం వేస్తున్న రోజులవి. ఊరి చివర సునాబేడా దారిలో ఒక కంపెనీ క్యాంపు పెట్టింది. సొరంగం దగ్గర ఎత్తుపల్లాలు కొలిచే లెవెలు పట్టడానికి, ఏడాది కాంట్రాక్టు మీద, ఒకే ఒక్క సర్వేయరు కావాలని కబురు వచ్చింది. భావనారాయణ తాతా తండ్రీ జయపురం ఎస్టేటులో భూములు కొలిచిన అమీన్లు. తను మాచ్‌ఖండ్ ఆనకట్ట దగ్గర చాలా ఏళ్ళు లెవెలు పట్టాడు. ఎనిమిది నెలలుగా మాత్రం ఖాళీ. ఆ ఎనిమిది నెలల్లో పెరట్లో బెండ మడులన్నీ దారం కట్టి తిన్నగా చేశాడు. వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం పేర్చాడు. భార్య అమ్మణ్ణికి పోపుల డబ్బా దొరకడం మానేసింది.

కంపెనీ మనుషుల్ని తిన్నగా తీసుకోదు. సప్లయర్ ద్వారానే రావాలి; పంపిన మనిషికి ఇంతని సప్లయర్‌కి కమీషను. ఊళ్ళో సప్లయర్లు ఇద్దరు. ఒకడు బియ్యం హోల్‌సేల్ వ్యాపారి మల్లేశ్వరరావు, రెండోవాడు బస్సు ఏజెంటు ఉమాపతి. ఇద్దరూ తోడల్లుళ్ళు. పదేళ్ళుగా మాటల్లేవు.

"పంతులుగారూ, నాను పేరు పంపేనంటే ఇంక సూడక్కర్లేదు. మరొకడి గడప తొక్కకండి, అంతే," అన్నాడు మల్లేశ్వరరావు, సంతకం మీద ఇసక జల్లినంత జాగ్రత్తగా ఊదుతూ.

"అలాగేనండి," అన్నాడు భావనారాయణ.

ఆయనకున్న లోపం ఒక్కటే. మనిషి ఎదురుగా ఉంటే కాదనలేడు. బస్టాండు దగ్గర ఉమాపతి ఎదురుపడి, కుర్చీ లాగి కూచోబెట్టి, టీ తెప్పించాడు.

"ఏటి నారాయణ పంతులుగారూ, ఖాళీగా ఉన్నారట? కంపెనీలో సర్వేయరు పనుంది. మీ పేరు నాను ఇవాళే పంపిస్తాను. ఇక్కడో సంతకం పెట్టండి."

ఇప్పుడే మల్లేశ్వరరావు దగ్గర పెట్టి వస్తున్నానని చెబుదామని భావనారాయణ నోరు తెరిచాడు. ఆ పేరు వింటే ఉమాపతి మొహం ఎలా మారుతుందో ఊరందరికీ తెలుసు. తెరిచిన నోటితో టీ తాగాడు. గ్లాసు సగమయ్యేసరికి రెండో సంతకం కూడా అయిపోయింది. కిరసనాయిలు మరిచిపోయాడు.

మల్లేశ్వరరావు కాగితం మీద "భావనారాయణ, పన్నెండేళ్ళ అనుభవం, బాదరబందీ లేదు, క్యాంపులోనే పడుకుంటాడు" అని రాశాడు. బస్టాండులో అందరూ పిలిచే పేరు పట్టుకుని ఉమాపతి "బి. నారాయణ, ఇరవయ్యేళ్ళ అనుభవం, నలుగురు పిల్లలు, అందుకని ఎక్కడికీ పారిపోడు" అని రాశాడు. ఇంజనీరు అనంతపద్మనాభంగారు ఒక్క మనిషి దొరికితే చాలనుకుంటుంటే ఇద్దరు దొరికారని సంతోషించి, ఇద్దర్నీ గురువారం పది గంటలకి రమ్మన్నారు.

బుధవారం మల్లేశ్వరరావు స్వయంగా ఇంటికి వచ్చాడు.

"రేపు పది గంటలకి. ఆ ఉమాపతిగాడు ఎవడో నారాయణని పంపేడట. మీరేం బెంగెట్టుకోకండి. ఆడు పొద్దున్న లేస్తే సారా తాగుతాడని ఇంజనీరుగారికి ఉత్తరం రాసీసేను."

"ఆయన తాగుతాడని మీకెలా తెలుసండి?" అన్నాడు భావనారాయణ నీరసంగా.

"తాగకపోతే ఉమాపతి దగ్గరికెందుకెళ్తాడు?"

ఆయన వెళ్ళిన గంటకి ఉమాపతి వచ్చాడు. "మల్లేశ్వర్రావు మనిషొకడున్నాడు, భావనారాయణట. ఆడికి రెండు కళ్ళకీ శుక్లాలని రాసి పంపేను. ఇంక రేపు మీదే పని!"

అమ్మణ్ణి వంటింటి గుమ్మంలోంచి రెండు సంభాషణలూ విన్నది.

"ఏటండీ ఇది? ఇద్దరికీ నిజం చెప్పేస్తే పోయేది కదా?"

"చెబుదామనే అనుకున్నానే. ఇద్దరూ ఎంత ఆప్యాయంగా ఉన్నారో చూశావు కదా."

"రేపైనా చెప్పండి. ఈ పని కూడా పోతే మీరు నా డబ్బాలకి మళ్ళీ లెవెలు పడతారు."

గురువారం క్యాంపు వరండాలో ఒక చివర మల్లేశ్వరరావు, మరో చివర ఉమాపతి చెరో బెంచీ మీద, చెరో దిక్కు చూస్తూ కూచున్నారు. భావనారాయణ మెట్లెక్కగానే ఇద్దరూ ఒక్కసారి లేచి "రండి పంతులుగారూ!" అన్నారు. తరువాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, పదేళ్ళలో మొదటిసారి.

అనంతపద్మనాభంగారు రెండు కాగితాలూ రెండు ఉత్తరాలూ పట్టుకుని బయటికి వచ్చారు.

"తాగుబోతు ఎవరు? శుక్లాలాయన ఎవరు?"

"ఇద్దరూ నేనేనండి," అన్నాడు భావనారాయణ.

వరండాలో గోల లేచింది. "నమ్మకద్రోహం!" అని ఒకరు, "నా టీ తాగేడు!" అని ఒకరు. ఇంజనీరుగారు వాళ్ళని గుమాస్తాకి వదిలేసి భావనారాయణని పక్కకి తీసుకెళ్ళారు. అక్కడ మూడు కాళ్ళ మీద లెవెలు నిలబెట్టి ఉంది. దూరంగా ఒక కూలీ అంకెలు రాసిన గడ పట్టుకుని ఉన్నాడు.

"కళ్ళ సంగతి ముందు తేలాలి. చూడండి."

భావనారాయణ చెప్పులు విడిచి, వంగి, గొట్టంలో చూశాడు. ఎనిమిది నెలల తరువాత చేతికి తన వస్తువు దొరికింది. చూస్తూ చూస్తూ అంకె చెప్పకుండా ఆగిపోయాడు.

"గడ గుర్తు మేకు మీద లేదండి. పక్కనున్న రాయి మీద పెట్టేడు. అర అడుగు తేడా వస్తుంది."

ఇంజనీరుగారు అంత దూరం నడిచి వెళ్ళి, వంగి చూసి, నడిచి వచ్చారు. మూడు రోజులుగా ఆయన లెక్కలు సరిగ్గా అర అడుగే తప్పుతున్నాయి.

"మీరు నాకు కావాలి," అన్నారు. "కానీ కంపెనీ రూలు గట్టిది. ఒకే మనిషిని ఇద్దరు పంపితే, ఒకరు వదులుకోవాలి."

వదులుకోమని అడిగారు. ఇలాంటి నమ్మకద్రోహి తనకొద్దు, అవతలివాడి నెత్తినే పడనీ అని మల్లేశ్వరరావు తన కాగితం వెనక్కి తీసుకున్నాడు. ఆ మాట వినబడని ఉమాపతి, అదే ఉద్దేశంతో, తనదీ తీసేసుకున్నాడు. ఇద్దరు భావనారాయణలూ ఒక్క నిమిషంలో మాయమయ్యారు.

ఇంజనీరుగారు తల పట్టుకున్నారు. "శనివారంలోగా మరో సప్లయర్ ద్వారా రండి," అని సప్లయర్ నింపాల్సిన ఖాళీ ఫారం ఒకటి చేతిలో పెట్టారు.

ఊళ్ళో మరో సప్లయర్ లేడు. భావనారాయణ ఇంటికి వచ్చి గోడకి చేరగిలబడ్డాడు. అమ్మణ్ణి ఫారం తీసుకుని చూసి, మళ్ళీ ఆయన చేతికే ఇచ్చి, ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పమంది.

"సప్లయర్‌కి ఊళ్ళో నివాసం ఉండాలి. పంపడానికి కనీసం ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి మీద మరొకరికి హక్కు ఉండకూడదు."

"మగవాళ్ళే అయ్యుండాలని ఉందా?"

ఆయన రెండువైపులా తిప్పి చూశాడు. "లేదు."

"ఇల్లుంది. మనిషి ఉన్నాడు. మరొకరికి హక్కు..." అంటూ ఆవిడ ఆయన వంక చూసింది.

"లేదు లేదు," అన్నాడు భావనారాయణ తొందరగా.

శనివారం ఇద్దరూ క్యాంపుకి వెళ్ళారు. అనంతపద్మనాభంగారు ఫారం చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివారు.

"మనిషి గుణగణాలకి సప్లయర్ హామీ ఇవ్వాలమ్మా."

"తాగరండి. చూపు బాగానే ఉంది," అంది అమ్మణ్ణి. "ఎవరేం అడిగినా ఊఁ అంటారు. అదొక్కటే."

"ఇకమీద నేనే అడుగుతాను," అని ఇంజనీరుగారు ముద్ర కొట్టారు.

ఫారం అడుగున, చిన్న అక్షరాల్లో, సప్లయర్ తన మనిషిని ఏ కారణం చెప్పకుండానైనా వెనక్కి పిలిపించుకోవచ్చునని ఒక నిబంధన ఉంది. తిరిగి వచ్చే దారి పొడుగునా అమ్మణ్ణి దాన్ని భావనారాయణ చేత మూడుసార్లు తెలుగులో చెప్పించుకుంది.